చుట్టుచుట్టుకో రేటు

2024 మే నెలలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో రాగి టన్ను 11,000 డాలర్లు దాటింది. అప్పటికి అదే రికార్డు. మన డబ్బులో కిలో తొమ్మిదివందల పైచిలుకు. ముప్పై వాట్ల పాత వాల్వు యాంప్లిఫయరు విప్పితే అందులోని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు రెండు కిలోలు తూగుతుందనుకోండి, రాగి అరకిలో ఉంటే గొప్ప. మిగతాదంతా ఇనుప రేకు. పాతసామాన్ల కొట్టువాడు దానికి కట్టే ఖరీదు ఆ అరకిలో రాగిదే. రేకు ఊరికే పోతుంది.

అలాంటి దిమ్మ మీదే యూటీసీ అనో, పార్ట్రిడ్జ్ అనో, వెస్టర్న్ ఎలక్ట్రిక్ అనో ఓ పాత కంపెనీ చిన్న పేరుపలక ఉందంటే బేరం వందల డాలర్ల దగ్గర మొదలవుతుంది. కొన్ని రకాలు వెయ్యి దాటుతాయి. గుప్పెట్లో ఇమిడిపోయే మైకు ట్రాన్స్‌ఫార్మరు కోసం జపాన్‌లో ఒకడు, కొరియాలో ఒకడు, లాస్ ఏంజెలెస్‌లో ఒకడు పోటీపడి పాడుకుంటారు. ఏటికేడు ఆ పాట పైకే పోతోంది.

ఒకే తరహా వస్తువుకి రెండు ధరలు. ఒకటి తూకానిది, ఒకటి పేరుది. ఈ రెంటి మధ్య మూడో ధర ఒకటుంది. దాన్ని ఎవరూ కట్టడం లేదు. ఈ కథనం దాని గురించే. అది అర్థం కావాలంటే మనం కాస్త దక్షిణానికి, తమిళనాడులో కోవిల్‌పట్టి దాటి కళుగుమలై దాకా వెళ్ళాలి.

కొండ కింద కుమారస్వామి

కోవిల్‌పట్టికి పడమరగా ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో నల్లరేగడి నేల మధ్య ఒంటరిగా లేచిన రాతి కొండ కళుగుమలై. జటాయువు అన్న సంపాతి ఇక్కడ సుబ్రహ్మణ్యుణ్ణి కొలిచాడని స్థలపురాణం. కొండ పొట్టలో తొలిచిన గుళ్ళో స్వామి ఉంటాడు. పైన ఎనిమిదో శతాబ్దపు పాండ్యుల కాలంలో ఒకే రాతిని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి, పూర్తి చేయకుండా వదిలేసిన వెట్టువాన్ కోయిల్ ఉంది. దాని పక్కనే వరసలు వరసలుగా జైన తీర్థంకరుల బొమ్మలు. చూసినవాళ్ళెవరూ మర్చిపోరు.

మన పాఠకులకి అంతగా తెలియని సంగతి ఒకటుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో, కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్, రాజపాళయం దాకా, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు వేలకు వేలు. కమ్మవారు, రాజకంబళం నాయకర్లు, రెడ్డియార్లు, రాజులు, ఇంకా ఎందరో. ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఈ వలస కథనే గోపల్ల గ్రామం అన్న నవలగా తమిళంలో రాశారు. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆయన 2021లో పోయారు. ఇంటి భాష తెలుగు, రాసిన భాష తమిళం. ఇక్కడి చాలామంది బతుకు కూడా అంతే.

సంగీతానికి ఈ నేల పెట్టింది పేరు. కళుగుమలై గుడి ఎట్టయపురం జమీందార్ల ఏలుబడిలో ఉండేది. వాళ్ళూ తెలుగువాళ్ళే. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఎట్టయపురంలో. సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చువేయించింది 1904లో అక్కడే. అదీ తెలుగు లిపిలో. కర్ణాటక సంగీతానికి దిక్కయిన ఆ పుస్తకాన్ని మద్రాసులోనో తంజావూరులోనో కాక ఈ మెట్టసీమలో, మన అక్షరాల్లో అచ్చొత్తారని చెబితే ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. అణ్ణామలై రెడ్డియార్ కావడి చిందు పాటలు కట్టింది ఈ కళుగుమలై మురుగన్ మీదే.

ఇక కోవిల్‌పట్టిలో స్థిరపడ్డ కారుకురిచ్చి అరుణాచలం. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై శిష్యుడు. 1921లో పుట్టి 1964లో, నలభై మూడేళ్ళు నిండీ నిండకుండానే వెళ్ళిపోయిన నాదస్వర విద్వాంసుడు. 1962లో వచ్చిన కొంజుం సలంగై సినిమాలో నాదస్వరంతో ఎస్. జానకి గొంతు కలబడే పాట ఉంది. తెలుగులో మురిపించే మువ్వలుగా వచ్చిన ఆ సినిమాలోని పాట మన ఇళ్ళలో ఎన్ని వేలసార్లు మోగి ఉంటుందో. ఆ నాదస్వరం ఈయనదే. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్యనాయుడు.

నాదస్వరానికి మైకు అక్కర్లేదు. ఊరేగింపు వాద్యం. కిలోమీటరు దూరం అదే వినిపిస్తుంది. కానీ రికార్డుకెక్కాలంటే మైకు కావాలి, మైకు వెనక ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఆ రికార్డు తిరిగి పెళ్ళి పందిట్లో మోగాలంటే మైకుసెట్టు కావాలి, దానిలోనూ ట్రాన్స్‌ఫార్మరే కావాలి. విద్వాంసుడి ఊపిరికీ, రేగడి చేలో కలుపు తీస్తున్న మనిషి చెవికీ నడుమ అయిదారు చోట్ల రాగి చుట్టలు ఉండేవి. వాటి మీద ఎవరి పేరూ ఉండేది కాదు.

తీగ పొడుగు, లెక్క చిన్నది

ట్రాన్స్‌ఫార్మరు ఎందుకు కావాలో తెలియాలంటే కళుగుమలై ఉత్సవాన్నే తీసుకుందాం. గుడి దగ్గర యాంప్లిఫయరు పెట్టారు. కొండ చుట్టూ తిరిగే దారిలో అర కిలోమీటరు అవతల వేపచెట్టుకి గొట్టం స్పీకరు కట్టారు. స్పీకరు 8 ఓములు. తీగ ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగిది. అలాంటి తీగకి కిలోమీటరుకి సుమారు 12 ఓముల నిరోధం. పోను అర కిలోమీటరు, రాను అర కిలోమీటరు, మొత్తం ఒక కిలోమీటరు. అంటే స్పీకరు 8 ఓములు, తీగ 12 ఓములు. యాంప్లిఫయరు పంపిన శక్తిలో అరవై పాళ్ళు తీగలోనే వేడయిపోతుంది. స్వామి పాట నలభై పాళ్ళే చెట్టుకి చేరుతుంది. మన మైకుసెట్ల వాళ్ళు వాడే సన్నటి తీగ అయితే ఆ నలభై కూడా చేరదు.

దీనికి విరుగుడుగా వచ్చిందే 100 వోల్టుల లైను. యాంప్లిఫయరు వైపు ఒక ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని పెంచి పంపుతుంది. చెట్టు మీద స్పీకరు వెనక ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గించి ఇస్తుంది. ముప్పై వాట్ల స్పీకరు అప్పుడు లైనుకి 333 ఓములుగా కనిపిస్తుంది. తీగ నిరోధం అదే 12. నష్టం నూటికి నాలుగు పాళ్ళు కూడా ఉండదు. అదే తీగ, అదే చెట్టు, అదే పాట. మధ్యలో ఆరున్నరకి ఒకటి చొప్పున చుట్టిన ఓ చిన్న దిమ్మ.

చుట్ల నిష్పత్తిని వర్గం చేస్తే ఓముల నిష్పత్తి వస్తుంది. ఇదొక్కటి గుర్తుంటే మిగతాదంతా కూడికలూ తీసివేతలే. యాంప్లిఫయరు లోపల కూడా ఇదే లెక్క. రెండు ఈఎల్34 వాల్వులు ఎదురెదురుగా పనిచేస్తుంటే వాటికి దాదాపు 6,600 ఓముల బరువు (లోడు) కావాలి. స్పీకరేమో 8 ఓములు. 825 రెట్ల తేడా. దాని వర్గమూలం 29కి కాస్త తక్కువ. అంటే వాల్వుల వైపు ఇరవై తొమ్మిది చుట్లుంటే స్పీకరు వైపు ఒక చుట్టు. వాల్వు యాంప్లిఫయరుని స్పీకరు తగిలించకుండా నడపొద్దని మైకుసెట్టు పెద్దలు కుర్రాళ్ళని తిట్టేది ఇందుకే. బరువు లేకపోతే వాల్వుల వైపు ఉండే ప్రైమరీ చుట్టలో వోల్టేజి విరుచుకుపడి పొరల మధ్య కాగితం కాలిపోతుంది. రెండు కిలోల దిమ్మ రెండు సెకన్లలో పాతసామాను.

మరి ఇంత సులువైన లెక్కకి అంత ధరెందుకు?

పొరల్లో ఉంది పనితనం

చుట్లు లెక్కపెట్టి చుడితే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు వస్తుంది. అది 50 హెర్ట్జ్ ఒక్కటే చూసుకుంటే చాలు. పాటకి వాడేది 20 నుంచి 20,000 దాకా అన్నిటినీ ఒకే తీరున దాటించాలి. కింది స్వరాలు బాగా రావాలంటే ఇనుము ఎక్కువ ఉండాలి, చుట్లూ ఎక్కువ ఉండాలి. చుట్లు పెరిగితే పై స్వరాలు మొద్దుబారతాయి. ప్రైమరీ అంతా ఒక ముద్దగా, దాని మీద స్పీకరు వైపు సెకండరీ ఇంకో ముద్దగా చుడితే రెంటి మధ్య అయస్కాంత బలం కొంత జారిపోతుంది. ఆ జారుడు తగ్గాలంటే ప్రైమరీని ముక్కలు చేసి, ముక్కముక్కకీ నడుమ సెకండరీ ముక్కని పెట్టాలి, కాజాలో మడతకీ మడతకీ నడుమ పాకం దిగినట్టు. మరీ ఎక్కువ ముక్కలు చేస్తే పొరల మధ్య కెపాసిటెన్సు పెరిగి అదో తలనొప్పి. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య.

ఈ విద్యలో ఒక గొప్ప రోజు 1947లో వచ్చింది. డి.టి.ఎన్. విలియమ్సన్ అనే బ్రిటిష్ ఇంజనీరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఒక యాంప్లిఫయరు ప్రచురించాడు. సర్క్యూటు గీసి ఊరుకోలేదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఎలా చుట్టాలో మొత్తం రాసేశాడు. ప్రైమరీ 4,400 చుట్లు, పది ముక్కలుగా, ముక్కకి 440. ముక్కల నడుమ సెకండరీ. ఏ గేజి తీగ, ఏ రేకు, ఎంత మందం, అన్నీ. ప్రపంచంలో తీగ చుట్టడం తెలిసిన ప్రతివాడూ దాన్ని చూసి చుట్టుకోగలిగాడు. పార్ట్రిడ్జ్ లాంటి కంపెనీలు తయారుచేసి అమ్మకానికి పెట్టాయి కూడా. రహస్యం బయటపెట్టినందుకు ఆయనకి పోయిందేమీ లేదు. ఆ డిజైను ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

చాలా కంపెనీలు అంత ఉదారంగా లేవు. చుట్ల లెక్క వాటి బీరువాల్లో ఉండిపోయింది. కంపెనీలు మూతపడ్డాయి, చేతులు మారాయి. చుట్టిన మనుషులు పోయారు. ఇప్పుడు వేలంపాటలో అమ్ముడవుతున్నది డబ్బాలో దాక్కున్న ఆ లెక్కే.

ఎవరు కొంటున్నారు

కొనేవాళ్ళు రెండు జాతులు. మొదటివాళ్ళు వినేవాళ్ళు. 1920లు, 30లలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ అమెరికా సినిమాహాళ్ళకి పెట్టిన యాంప్లిఫయర్లు అమ్మినవి కూడా కావు, అద్దెకిచ్చినవి. హాళ్ళు వాటిని పారేసే వేళకి జపాన్ శ్రోతలు వచ్చి ఏరుకున్నారు. తర్వాత కొరియా చేరింది. ఆ పేరున్న ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు, టెలిఫోన్ లైన్ల కోసం చేసిన రిపీట్ కాయిళ్ళు సైతం ఇప్పుడు నగల్లా చేతులు మారుతున్నాయి. చేసినవాడు వాటిని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పడి ఉండడానికే చేశాడు పాపం.

రెండోవాళ్ళు రికార్డింగు వాళ్ళు. వీళ్ళే ధరని ఎగదోశారని నా అభిప్రాయం. రూపర్ట్ నీవ్ కంపెనీ 1970లో తెచ్చిన 1073 అనే మైకు విభాగంలో మారినెయిర్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏ, 1967 నాటి 1176 అనే కంప్రెసర్లలో యూటీసీవి ఉండేవి. 1960లు, 70ల పాటల్లో మనం విన్న గొంతులు ఎన్నో వీటి గుండా వచ్చినవే. కంప్యూటరు మీద ఇంట్లోనే పాట రికార్డు చేసే రోజులొచ్చాక అందరికీ ఆ నిండుదనం కావాల్సొచ్చింది. దాంతో పాత మిక్సింగు కన్సోళ్ళని నిలువునా విప్పి, ముక్కలు చేసి, ఛానెల్‌కో రేటు కట్టి అమ్మడం మొదలైంది. మొత్తం కన్సోలు కంటే దాని ముక్కల ధర ఎక్కువ పలికితే ఏ వస్తువైనా ఏమవుతుంది? గుళ్ళని కూల్చి విగ్రహాలు అమ్ముకోవడం మనం చూడలేదా.

లోహం ధరలు పెరిగాయి కదా, అందుకే అంటారు అమ్మేవాళ్ళు. ఆ మాట నిలవదు. మంచి మైకు ట్రాన్స్‌ఫార్మరు కోరులో, అంటే చుట్ల నడిమి లోహంలో, నూటికి ఎనభై పాళ్ళ దాకా నికెల్ ఉండే పర్మల్లాయ్ రేకు వాడతారు, నిజమే. నికెల్ ధర 2022 మార్చి 8న లండన్ ఎక్స్ఛేంజిలో పిచ్చెక్కి టన్ను లక్ష డాలర్లు దాటింది, లావాదేవీలు ఆపేయాల్సొచ్చింది, అదీ నిజమే. లెక్క వేయండి. ఆ పిచ్చిరోజు ధరకి కూడా వంద గ్రాముల నికెల్ పది డాలర్లు. వందల డాలర్ల వస్తువులో పది డాలర్ల లోహం. మిగతాది పేరు, అరుదుతనం, ఆ చుట్ల లెక్క.

పేరుకి ధర ఉన్నచోట దొంగ పేర్లూ ఉంటాయి. పాత డబ్బాలో కొత్త కాయిలు, మామూలు డబ్బా మీద పెద్ద పలక. కొనేవాడు డబ్బా విప్పి చూడలేడు, విప్పితే విలువ పోతుంది. దీన్ని మించిన దొంగబేరం ఏముంటుంది!

ఇప్పుడు చేసేవాళ్ళు లేరా?

ఉన్నారు. బాగా చేసేవాళ్ళున్నారు. స్వీడన్‌లో లుండాల్ 1958 నుంచి చుడుతోంది. ఇంగ్లండులో సౌటర్ 1941 నుంచి. అమెరికాలో జెన్సన్, సినీమ్యాగ్. కెనడాలో హామండ్. నీవ్ తరహావి ఇంగ్లండులోనే కార్న్‌హిల్ చేస్తోంది. వీళ్ళలో చాలామంది కొలతలన్నీ కాగితం మీద పెట్టి అమ్ముతారు. ఏ స్వరానికి ఎంత పడిపోతుంది, ఎంత వక్రీకరణ వస్తుంది, ఎన్ని చుట్లకి ఎన్ని చుట్లు, అన్నీ. పాతవాటికి ఆ కాగితం చాలాసార్లు దొరకదు. ధరలో కూడా పేరున్న పాతదానికి పెట్టే డబ్బుతో కొత్తవి రెండు మూడు వస్తాయి. అరవై ఏళ్ళ కాగితమూ మైనమూ కాదు కనుక తేమకి లోపల తీగ తెగిపోతుందేమోనన్న భయమూ తక్కువే.

కోరులోనూ కొత్తదనం వచ్చింది. 1988లో జపాన్‌లో హిటాచీ వాళ్ళు ఫైన్‌మెట్ అనే నానోక్రిస్టలైన్ లోహం తెచ్చారు. కరిగిన మిశ్రమాన్ని ఒక్కసారిగా చల్లార్చి పలచటి రిబ్బనుగా తీసి, మళ్ళీ వేడిచేసి చేస్తారు. చిన్న సంకేతాలకి అది దివ్యంగా పనిచేస్తుంది.

అసలు ట్రాన్స్‌ఫార్మరే వద్దన్నవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. ట్రాన్సిస్టర్లొచ్చాక యాంప్లిఫయర్లలో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లేకుండా పోయింది. ఇప్పటి డిజిటల్ తరహా యాంప్లిఫయర్లు కొన్ని నేరుగా 100 వోల్టుల లైనునే నడుపుతాయి. రికార్డింగువాళ్ళకి ట్రాన్స్‌ఫార్మరు వల్ల వచ్చే రంగుని లెక్కల్లోకి మార్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. పదిమందిని కూర్చోబెట్టి కళ్ళకి గంతలు కట్టి వినిపిస్తే అసలేదో నకలేదో పట్టేవాళ్ళు తక్కువే ఉంటారని నా పందెం. కానీ ఒక పని మాత్రం సాఫ్ట్‌వేరు చేయలేదు. మైకు సర్క్యూటునీ యాంప్లిఫయరు సర్క్యూటునీ విద్యుత్తు పరంగా విడదీసి గుర్రుగుర్రు శబ్దాన్ని ఆపడం. గుడి పందిట్లో నాలుగు జనరేటర్లు నడుస్తున్నప్పుడు ఆ విడదీత విలువ మైకుసెట్టు వాడికే తెలుస్తుంది.

నా తీర్పు: వాడుకోడానికైతే కొత్తది కొనండి. పాతదానికి పెద్ద ధర పెట్టడం సంగీతం కోసం కాదు, సేకరణ కోసం. సేకరణ తప్పు కాదు, దాన్ని సంగీతమని పిలవడమే తప్పు.

పక్క వీధిలో ఉన్న చేతులు

అయితే స్వీడన్ నుంచి తెప్పించుకోవడం తప్ప మనకి దారి లేదా? ఇక్కడే నేను మొదట చెప్పిన మూడో ధర వస్తుంది.

కోవిల్‌పట్టి వైపయినా, వినుకొండ వైపయినా మెట్టసీమలో బోరు మోటార్లు కాలడం మామూలే. అందుకే వైండింగ్ షాపు లేని మండల కేంద్రం ఉండదు. ఎనామెల్ తీగ గేజి చేత్తో పట్టుకుని చెప్పేవాళ్ళు, బాబిన్ కోసేవాళ్ళు, ఇంగ్లీషు E, I ఆకారపు రేకుల్ని ఒకదాని తర్వాత ఒకటి పేర్చి సుత్తితో సర్దేవాళ్ళు, వార్నిష్‌లో ముంచి కాల్చేవాళ్ళు అక్కడున్నారు. మంచి సిలికాన్ రేకు మనదేశంలో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల పుణ్యమా అని దొరుకుతోంది. చెన్నై రిచీ వీధిలోనో హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో మిగతా సరుకు దొరుకుతుంది. బెంగళూరు బీఈఎల్ ఒకప్పుడు ఈఎల్84, ఈసీసీ83 లాంటి వాల్వులు తయారుచేసేది. అవి ఇప్పుడు పాత స్టాకుగా విదేశాల్లోనూ అమ్ముడుపోతున్నాయి. అంటే చేయలేని దేశం కాదిది.

మైకు ట్రాన్స్‌ఫార్మరు సంగతి వేరు. దానికి నికెల్ రేకు కావాలి, జుట్టు కంటే సన్నని తీగ కావాలి, మూమెటల్ డబ్బా కావాలి. అది మోటారు షాపు పని కాదు. కానీ 100 వోల్టుల లైను దిమ్మలు, వాల్వు యాంప్లిఫయరు ఔట్‌పుట్ దిమ్మలు మన చేతులకి అందేవే. లోటల్లా ముక్కలు చేసి చుట్టే వరస. ఎన్ని ముక్కలు, ఎన్ని చుట్లు, ఏది ముందు, మధ్య కాగితం ఎంత మందం. కాలిపోయిన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు వైండింగుకి వచ్చినప్పుడు చాలాచోట్ల పాత తీగని ఉలితో కోసి పీకేస్తారు. కొత్త తీగని రెండు ముద్దలుగా చుట్టి ఇచ్చేస్తారు. యాంప్లిఫయరు మోగుతుంది, కానీ తాళాల చప్పుడు గోనెపట్టాలో కట్టినట్టుంటుంది. తప్పు వైండరుది కాదు. అతనికి ఎవరూ చెప్పలేదు, విడిగా డబ్బూ ఇవ్వలేదు. మోటారుకిచ్చే కూలే దీనికీ ఇస్తే మోటారు పనే వస్తుంది.

మూడో ధరంటే ఇదే: ఒక పూట కూర్చుని, పొర పొరా విప్పుతూ, చుట్లు లెక్కపెట్టి రాసుకున్నందుకు ఇచ్చే కూలి. వందల డాలర్లు కాదు, ఒక రోజు జీతం.

ఇంట్లో పాతది ఉంటే

మైకుసెట్లు నడిపిన కుటుంబాల్లో అటక మీద వాల్వు యాంప్లిఫయర్లు ఇంకా ఉన్నాయి. ఫిలిప్స్, ఆహుజా, లేదా ఊళ్ళోనే ఎవరో కట్టినది. ముందు జాగ్రత్త ఒకటి: ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో మూడునాలుగు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. తెలిసినవాళ్ళు దాన్ని దించేదాకా వేలు పెట్టొద్దు.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు బతికుందో లేదో చూడడం కష్టమేమీ కాదు. వాల్వుల వైపు తీగలకి ఓమ్‌మీటరు పెడితే పదుల నుంచి కొన్ని వందల ఓములు చూపాలి. మధ్య తీగ నుంచి రెండు వైపులా దాదాపు సమానంగా ఉండాలి. అచ్చంగా సమానం కాకపోయినా కంగారు పడొద్దు, బయటి పొరలకి తీగ ఎక్కువ పడుతుంది. తర్వాత చిన్న 12 వోల్టుల ఏసీని వాల్వుల వైపుకి ఇచ్చి, స్పీకరు వైపు ఎంత వస్తుందో కొలవాలి. 0.4 వోల్టుల దగ్గర్లో వస్తే నిష్పత్తి ముప్పైకి ఒకటి. దాన్ని వర్గం చేసి 8తో గుణిస్తే ఏ వాల్వులకి సరిపోతుందో తెలిసిపోతుంది. పొరపాటున కూడా తిరగేసి ఇవ్వొద్దు. స్పీకరు వైపు 12 వోల్టులిస్తే వాల్వుల వైపు 360 వోల్టులు లేచి కొడతాయి.

చిన్న మైకు ట్రాన్స్‌ఫార్మరుకి మాత్రం ఓమ్‌మీటరు పెట్టొద్దు. మీటరు పంపే డీసీ కరెంటుకి నికెల్ కోరు అయస్కాంతమై కూర్చుంటుంది. కింద పడేసినా దెబ్బే. సుత్తి దెబ్బకి మూమెటల్ తన గుణం పోగొట్టుకుంటుంది.

ఇక గొట్టం స్పీకర్ల సంగతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు కూడదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. తమిళనాడులో వినాయకచవితి పందిళ్ళకి పోలీసులిచ్చే షరతుల్లో కోను (గొట్టం) స్పీకర్లు వద్దు, పెట్టె స్పీకర్లే అని ఉంటుంది. మంచిదే. పరీక్షలకి చదివే పిల్లలకీ, జబ్బు మనుషులకీ నిద్ర కావాలి. పాత వస్తువు మీద ప్రేమ ఊరి చెవుల మీద రుద్దేది కాకూడదు. యాంప్లిఫయరుని ఇంట్లో, ఒక పెట్టె స్పీకరుకి తగిలించి, కారుకురిచ్చి రికార్డు తక్కువ సౌండులో పెట్టుకోవచ్చు. దానికీ అదే దిమ్మ చాలు.

కనుక పాఠకులకు ఒక విన్నపం. అటక మీది యాంప్లిఫయరు పాతసామాన్లకి వేసేముందు దాని ట్రాన్స్‌ఫార్మరు ఒకసారి పరీక్ష చేయించండి. బతికి ఉంటే అయిదువందలకి ఇచ్చేయకండి, అలాగని లక్షలొస్తాయని ఆశపడి దాచనూ వద్దు. వాడేవాళ్ళకి న్యాయమైన ధరకివ్వండి. కాలిపోయి ఉంటే వైండింగ్ షాపుకి తీసుకెళ్ళి, విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి ముక్కల వరస ఒక కాగితం మీద రాయమని అడగండి. ఆ పనికి విడిగా కూలి ఇవ్వండి. ఆ కాగితం నకలు ఒకటి యాంప్లిఫయరు లోపల అంటించండి, ఇంకొకటి షాపు గోడకి తగిలించమనండి.